కంచెకు ఒక కర్ర తక్కువ

ఓడ కనిపించగానే హెరన్ కోవ్ మగవాళ్ళు తుపాకులు గాల్లోకి పేల్చారు. బిషప్ గారొస్తే అదే స్వాగతం. తొంభై ఒక్కేళ్ళ తిర్జా అవ్వ మాత్రం, "ఈసారి కూడా పని కాకపోతే, వెళ్ళేటప్పుడు కొంచెం కిందికి గురిపెట్టండ్రా" అంది.

అవ్వ కోపానికి కారణముంది. సమాధుల కోసం ఊరివాళ్ళు కంచె కట్టి ఉంచిన తోటను బిషప్ వచ్చి ప్రార్థన చదివి ప్రతిష్ఠ చేస్తే తప్ప అందులో ఎవర్నీ పూడ్చకూడదు. ఇంగ్లండు రాణి న్యూఫౌండ్‌లాండ్ తీరానికంతా ఒక్క బిషప్‌నే పంపింది. ఆయన మూడేళ్ళకోసారి వస్తాడు. ఈలోగా ఎవరైనా పోతే పడవలో పక్క రేవు డాగర్ కోవ్‌కు తీసుకుపోవాలి. చేపలు ఎండబెట్టే మంచె దగ్గర తగువొచ్చి ఆ ఊరితో ముప్ఫై ఏళ్ళుగా మాటల్లేవు.

"వాళ్ళ పక్కన నేను పడుకుంటానా? నా ఊళ్ళో చోటు దొరికేదాకా ఇలాగే కూర్చుంటా" అని అవ్వ ఆరేళ్ళ క్రితం భీష్మించింది. చివరి బట్టలు కుట్టి పెట్టెలో పెట్టుకుంది. ఆమె ఈడువాళ్ళు ఇంకో నలుగురిదీ అదే పట్టు.

బిషప్ కింబర్ మంచివాడే కానీ ఒట్టి మతిమరుపు మనిషి. మొదటిసారి ప్రార్థన పుస్తకం ఓడలో మరిచిపోయానన్నాడు. రెండోసారి నాలుగు చినుకులు పడితే జలుబు చేస్తుందన్నాడు. మంచులో కుక్కలబండి మీద వందల మైళ్ళు తిరిగే మనిషికి జలుబేమిటో ఎవరికీ అంతుబట్టలేదు.

ఈసారి పెళ్ళిళ్ళు, ఆ వెంటనే ఆ జంటల పిల్లలకే బాప్తిస్మాలు చకచకా అయిపోయాయి. బిషప్ ఉప్పుచేప, టర్నిప్ కూర మారు అడిగి తిన్నాడు. తర్వాత ఊరంతా వెంటరాగా తోట దగ్గరికి నడిచాడు. కంచె చుట్టూ ఒక్కో కర్రా తడుముతూ తిరిగాడు.

"ఇక్కడ ఒక కర్ర తక్కువుంది. మేక దూరితే?"

ఊళ్ళో అసలు మేకే లేదన్నారు. చిటికెలో కర్ర పాతేస్తామన్నారు. ఆయన గడియారం చూసుకుని, పోటు తగ్గిపోతోంది, ఓడ కదలాలి, వచ్చేసారి చూద్దామన్నాడు.

అవ్వ దారికి అడ్డంగా నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తొంభై ఒకటి, అయ్యగారూ. ఇంకా మూడేళ్ళు ఎలా ఉండమంటారు?"

"ఎలాగో ఓపిక పట్టు తల్లీ."

"పడతాను. చచ్చినట్టు పడతాను" అంది అవ్వ, లేని పళ్ళు కొరుకుతూ.

ఊళ్ళో ఒక్కరూ వీడ్కోలు చెప్పలేదు. ఓడ నడిపే ఎలై ఆ తీరంలో పుట్టినవాడే. అతనికి తల కొట్టేసినట్టయింది. రేవు దాటగానే ఇక ఆగలేకపోయాడు. పోటు సాయంత్రం దాకా ఉంటుందని మీకు తెలుసు, పుస్తకం మీ చంకలోనే ఉంది, ముసలామెను అంత ఏడిపించాలా అని నిలదీశాడు.

బిషప్ ఒడ్డు వైపు చూస్తూ చెయ్యూపాడు.

"బిషప్‌నయిన కొత్తలో గల్ దీవిలో అడగ్గానే ప్రతిష్ఠ చేసేశాను ఎలై, ఇక బెంగ లేదనుకుని అక్కడి ముసలివాళ్ళు ఆరుగురూ పది రోజుల్లో వరసపెట్టి పోయారు."