స్తంభాల మీద మిగిలిన చేతులు

"మేస్త్రీ, మనుషుల్ని తీసేశావు. చేతుల్ని వదిలేశావేం?"

కింది నుంచి ఆ గొంతు వినగానే పరంజా మీదున్న ఉర్సో ఉలి పక్కన పెట్టి కిందికి చూశాడు. వచ్చినవాడు ప్రోబస్, కొత్త ఏలికల మనిషి. పోయిన గోతు జాతి రాజు కొలువులో ఉన్నవాళ్ళని వెతికి పట్టుకుని తలలు తీయిస్తాడని రావెన్నా ఊరంతా వణికేది. చర్చి గోడ మీద రంగురాళ్ళతో పేర్చిన ఆ కొలువు బొమ్మల్ని పెరికేసి, ఆ చోట తెరల బొమ్మలు పేర్చమన్న హుకుం కూడా అతనిదే.

"ఉండు, పైకొస్తున్నా."

"చెయ్యందించమంటారా దొరా?"

"అక్కర్లేదు."

ప్రోబస్ ఒంటిచేత్తో నిచ్చెనెక్కాడు. కుడిచెయ్యి పైబట్టలోంచి బయటికి రాలేదు. అందులో కత్తి ఉందనుకున్నాడు ఉర్సో. ప్రాణం అరచేతిలోకొచ్చింది. ఆ అరచెయ్యి రేపటికి ఉంటుందో లేదో.

"బొమ్మల చేతులు పక్కన రాళ్ళతోనే పేర్చిన స్తంభాల మీదకి వచ్చాయి దొరా. పెకలిస్తే స్తంభాలకి మచ్చలు పడతాయి. ఆ తెల్లరాయి ఇప్పుడు దొరకదు. తలలు తీయడం చేతనైంది, చేతులే చేతకాలేదు."

"వెటకారమా? పాత రాజు మీద అభిమానమా?"

"నా రొట్టెముక్క మీద అభిమానం దొరా."

"ఇవి ఎవరెవరి చేతులో తెలుసా?"

తెలుసంటే తనూ ఆ కొలువు మనిషే అంటాడు. ఉర్సో తల అడ్డంగా ఊపాడు. "తెలీదు దొరా. పేర్చింది మా నాన్న. మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని చూసి పేర్చేవాడట. ఎవర్నో చెప్పకుండానే పోయాడు."

ప్రోబస్ ఒక్కో స్తంభమే చూసుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర మొహం చిట్లించాడు. "దీనికి ఆరు వేళ్ళున్నాయేం?"

"ఆ పూట తాగి పేర్చుంటాడు దొరా. పనికి చెయ్యిచ్చాడు గానీ, లెక్కకి చెయ్యిచ్చాడు."

ప్రోబస్ నవ్వలేదు. "మిగతావి ఉంటే ఉండనీ. ఈ తప్పుల తడకని మాత్రం ఇవాళే పీకెయ్. మచ్చపడితే పడనీ."

"చిత్తం."

ఇంత తేలిగ్గా వదిలేస్తాడా అని ఉర్సోకి నమ్మకం కుదరలేదు. అనుకున్నంతా అయింది. దిగబోతున్న ప్రోబస్ గిరుక్కున తిరిగాడు, పైబట్ట తొలగింది, కుడిచెయ్యి విసురుగా మీదికొచ్చింది. ఉర్సో కళ్ళు మూసుకున్నాడు.

పోటు పడలేదు. కళ్ళు తెరిస్తే, నిచ్చెన మెట్టు మీద కాలు జారిన ప్రోబస్ తన భుజం పట్టుకుని వేలాడుతున్నాడు. చేతిలో కత్తి లేదు.

ఆ చేతికి ఆరు వేళ్ళు.