నాలుగో రంగు

“ఇది మా చెల్లెలి రంగా? బొగ్గు మసి!” అంటూ ఆ పెద్దావిడ హీరోయిన్ చేతిని విదిలించినట్టు వదిలేసింది. “మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ వేషమే చూపించారు. రేపు కూడా ఇంతే అయితే దాని బొమ్మలు మీకు ఇవ్వను బాబూ. ఇక మీ ఇష్టం.”

దర్శకుడు ఆవిడని కారు దాకా సాగనంపి వచ్చాడు. చిత్రకారిణి మీద సినిమా, ఆమె బొమ్మలన్నీ ఈ అక్కగారి దగ్గరే ఉన్నాయి. అవి లేకపోతే సినిమాయే లేదు.

తప్పంతా పెద్దావిడ చాదస్తానిదే అనుకుందామంటే మనసొప్పడం లేదు. ఆ చిత్రకారిణి బతికినన్నాళ్లూ నల్లపిల్ల అని మాటలు పడింది. పడి పడి, చివరికి నల్లటి మనుషుల్నే గీసింది. ఆమె బొమ్మల్లో తెల్లటి ముఖం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. అలాంటి మనిషి కథకి మీగడలాంటి పిల్లని పెట్టి, పూటకి రెండు గంటలు రంగు పూయిస్తున్నాడు. ఆ పిల్లనే పెట్టమని నిర్మాత పట్టుబట్టిన మాట నిజమే. తలూపింది మాత్రం తనే.

“బాబాయ్, నా పరువు నీ చేతిలో ఉంది,” అన్నాడు మేకప్ పెద్దాయనతో.

“చూద్దాం బాబూ,” అన్నాడాయన స్పాంజీలు కడుగుతూ, తల ఎత్తకుండా.

మర్నాడు పెద్దావిడ హీరోయిన్‌ని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. మణికట్టు చూసింది, మోచెయ్యి చూసింది, మెడ వెనక చూసింది. ఉన్నట్టుండి కుర్చీలో కూలబడి ఆ చేతిని చెంపకి ఆనించుకుంది.

“ఇదే. మా చెల్లాయి రంగు ఇదే. ఎన్నాళ్లయిందో చూసి!” ఆవిడ కళ్లు తుడుచుకుంది. “బొమ్మలు రేపే పంపిస్తాను.”

ఆవిడ కారు గేటు దాటగానే దర్శకుడు పెద్దాయన్ని వాటేసుకున్నాడు.

“బతికించావు బాబాయ్! ఎక్కడ పట్టావు ఈ రంగు?”

“ఒకమ్మాయి చెయ్యి పక్కన పెట్టుకుని కలిపాను. ఈ వేషానికి మొదట్లో వచ్చింది చూడు, పొట్టి జుట్టు అమ్మాయి.”

దర్శకుడి నవ్వు ఆగిపోయింది. మరిచిపోతేగా! ఎవరి సిఫార్సూ లేకుండా వరసలో నిలబడి వచ్చింది. ఆ పిల్ల రెండు మాటలు చెప్పేసరికి గదిలో అందరూ చేతిలో పని ఆపేశారు. అయినా తను, “బాగా చేశావు గానీ కెమెరాకి ఆనవు,” అన్నాడు. ఆ మాట ఒక్కడే మొయ్యలేక, “అంతేనా బాబాయ్?” అని పెద్దాయన వైపు చూశాడు. “అంతే బాబూ, ఆ రంగుకి లైటు నిలవదు,” అన్నాడాయన. ఆ అమ్మాయి ఇద్దరినీ ఒకసారి చూసి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

“పోనీ, ఆ అమ్మాయికి ఏదైనా ఇద్దాం బాబాయ్. కథలో పనిమనిషి వేషం ఒకటి...” అని మొదలుపెట్టి, సిగ్గేసి మధ్యలోనే ఆపేశాడు దర్శకుడు. తన నోరు తనకే రోతగా అనిపించింది.

పెద్దాయన రంగులు సర్దసాగాడు. ఒక్కొక్క డబ్బాకీ మూత పెడుతున్నాడు.

హీరోయిన్ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అది ఎవరిదో చెయ్యిలా ఉంది ఆమెకి. ఆ అమ్మాయిని ఏమని పంపేశారో ఆమె కూడా విన్నదే.

“అంత మాట అన్నాక కూడా ఎలా ఒప్పుకుంది అంకుల్? దేనికో చెప్పారా?”

“చెప్పలేదమ్మా. పొద్దున వంటింట్లో కాఫీ కలుపుతోంది. చెయ్యి ఒకసారి ఇటివ్వు అన్నాను,” పెద్దాయన చివరి డబ్బా మూత బిగించాడు. “నాన్నే కదా అని ఇచ్చింది.”