కాగితాల సంచి

"వాళ్ళ చేతులు విరిగిపోను! చెత్త విడదీసి పెట్టడానికి ఏం మాయరోగం?"

భార్య నోట్లో చెంచా పెడుతూ మళ్ళీ మొదలెట్టాడు భర్త. మూడు రోజులుగా ఇదే పాట. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది.

ఆమె పని చెత్త వేరుచేసే కేంద్రంలో. ఇళ్ళ ముందు నుంచి లారీ తెచ్చినదంతా అక్కడ బెల్టు మీద పరిగెడుతుంది. ఆమెది కాగితాల వరస. సంచి చించాలి, కాగితం కానిది ఏముంటే అది లాగి అవతల పారెయ్యాలి. కాగితాల సంచిలో చెయ్యి కోసేదేదీ ఉండదన్న నమ్మకం మీదే అక్కడ చేతులు ఆడతాయి. ఆ రోజు ఓ సంచిలో పగిలిన గాజు వచ్చింది. గ్లోవు తెగింది, లోపల నరమూ తెగింది.

"రెండు వేళ్ళు ఇక వంగవమ్మా" అని డాక్టరు ఈ పొద్దున తేల్చేశాడు. వంగని వేళ్ళకి బెల్టు దగ్గర చోటు లేదు. పదకొండేళ్ళ పని ఒక్క మాటతో సరి.

"పేరో, అడ్రసో ఏదో ఒకటి ఉండే ఉంటుంది ఆ సంచిలో. నువ్వు చూడలేదూ?"

"బెల్టు ఆగుతుందా ఏమిటి? ఏం చూస్తాను?"

"సూపర్‌వైజరు వెతికిస్తానన్నాడటగా! నువ్వే వద్దన్నావట!"

"పోనిద్దురూ. ఏదో తొందరలో పడేసుంటారు. కావాలని చేస్తారా ఎవరైనా?"

"నీ మంచితనం మండిపోనూ! ఒక్కసారి దొరకనీ, గుమ్మం ముందు నిలబడి కడిగేస్తాను."

అనడమైతే అన్నాడు గానీ, అంటూనే ఏడ్చేశాడు. కోపం బోలెడుంది, చూపించడానికి మనిషి లేడు పాపం. నిన్న పక్కింటాయన కాగితాల్లో సీసా కనబడితే వీధిలోనే రంకెలేసి వచ్చాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆమె దువ్వెన పట్టుకోలేదు, అతనికి జడ వెయ్యడం రాదు. ఉదయం నుంచీ ఆమె జుట్టు అలాగే ఉంది.

ఎడమచేత్తో అతని కళ్ళు తుడిచింది.

"ఊరుకోండి. ఎవరో తెలిస్తే మాత్రం వేళ్ళు తిరిగొస్తాయా?"

ఆ సంచిలోంచి జారిపడ్డ సరుకుల జాబితా ఆమె రాసిందే. రోజంతా ఊరి చెత్త ముట్టుకునే భార్య ఇంటి చెత్త కూడా ముట్టుకోకూడదని పట్టుబట్టి, ఆ సంచి నింపి గుమ్మం ముందు పెట్టింది అతనే.