రెండు గాట్ల ముక్క

కంప్యూటర్ మూడుసార్లు కూసి ఊరుకుంది.

రాధాకృష్ణమూర్తి మాస్టారు మళ్లీ మీట నొక్కారు. మళ్లీ మూడు కూతలు. తెర మాత్రం నల్లబల్లలా ఉంది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి నల్లబల్లంటే భయం లేదు గానీ, ఏమీ రాయనివ్వని నల్లబల్లని చూడ్డం ఇదే మొదలు.

ఆ రోజు శనివారం. తెల్లారితే పదింటికి రామకాంత్ వాళ్లు తాంబూలాలకి చిలకలూరిపేట వస్తున్నారు. మాస్టారి కూతురు శరణ్య పాఠాలు చెప్పే కాలేజీలోనే రామకాంతూ లెక్చరరు. "ఈయన నాకు నచ్చాడు నాన్నా" అని పిల్ల నోరు విప్పి చెప్పింది. ఇక మిగిలింది జాతకాలు. అబ్బాయి పుట్టిన తేదీ, టైమూ నిన్న సాయంత్రమే అందాయి.

మాస్టారి నియమం ఒకటే. ముప్పయ్యారు పాయింట్లకి పద్దెనిమిది రాకపోతే సంబంధం లేదు. రెండు వేల సంవత్సరంలో కంప్యూటర్ కొని జాతకాల ప్రోగ్రాం వేయించారు. ఈ నాలుగేళ్లలో మూడు సంబంధాలు, కాగితం అచ్చు తీసి మరీ వెనక్కి పంపారు. ఒకటి పదిహేడున్నర దగ్గర పోయింది.

"పోనీ పంచాంగం చూస్తే?" అంది శరణ్య.

పాత పంచాంగాల కట్టని, కంప్యూటర్ వచ్చిన నెలలోనే పాతపేపర్లవాడికి వేసేసింది ఆయనే. ఊళ్లో సిద్ధాంతి ఉన్నాడు. కానీ వేళ్ల మీద లెక్కపెట్టేవాడి గుమ్మం, కంప్యూటర్ ఉన్నవాడు ఎక్కుతాడా?

మెమరీ పోయిందని బజారులో చెప్పారు. కొత్త ముక్క కొనుక్కొచ్చారు. అది లోపల కూచోదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. చెమటలు పట్టి, కంప్యూటర్ అమ్మిన గుంటూరు గౌస్ బాషాకి ఫోన్ చేశారు.

"మీది పాత రకం మాస్టారూ. ముక్క కింద రెండు గాట్లుంటాయి. ఇప్పుడొచ్చేదానికి ఒకటే. బలవంతాన నొక్కారంటే బోర్డు కూడా పోద్ది."

"మరి లోపలున్న ప్రోగ్రాం?"

"అది హార్డ్ డిస్కులో భద్రంగా ఉందండి. అది బీరువా, ఇది బల్ల. బీరువాలోవి తీసి పరుచుకోడానికి మీకు బల్ల లేదు, అంతే. పాత రకం నా దగ్గర ఒక్కటే మిగిలింది. రేపు కొట్టు తియ్యను, ఇవాళే రండి."

మాస్టారి మోకాళ్లు గుంటూరు బస్సుకి ఒప్పుకోవు. శరణ్యకి పరీక్షల డ్యూటీ.

"నేను వెళ్లొస్తాను" అంది ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ, వంటింట్లోంచి వస్తూ. ఏడాదికి సరిపడా కారం పొద్దునే మిల్లు ఆడించి తెచ్చింది. జాడీకెత్తే పని ఇంకా మిగిలే ఉంది.

మాస్టారు ఆవిడని ఎగాదిగా చూశారు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పడం, తీయడం. ఆయనకి తెలిసి ఆవిడకి దాంతో ఉన్న పరిచయం అంతే.

"రెండు గాట్లు. ఏదీ, చెప్పు."

"రెండు గాట్లు."

"ఒకటుంటే?"

"మనది కాదు."

"ఈ బజారుది ఇచ్చేసి అది తీసుకో. నేనన్నానని చెప్పు, మారుస్తాడు."

పన్నెండు దాటింది. మాస్టారు హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరిగారు. పత్తి లారీ హారన్ కొట్టినా బస్సనుకుని గేటు దాకా వెళ్లొచ్చారు. నాలుగింటికి ఊరికే మీట నొక్కి చూశారు. మూడు కూతలు.

ఆరింటికి వచ్చింది జ్ఞానప్రసూనాంబ. వస్తూనే వంటింట్లోకెళ్లింది. కారం జాడీకెత్తి, వాసెన కట్టి, చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు పొట్లం ఇచ్చింది. ఈలోపు మాస్టారు నాలుగుసార్లు కేకేశారు.

పొట్లం విప్పారు. ఒకటే గాటు.

"ఇదేమిటే? పొద్దుటి దానిలాగే ఉంది!"

"నాకన్నీ ఒకేలా ఉన్నాయండీ. చేత్తో ముట్టుకుంటే ఒంట్లో కరెంటుకి పాడైపోతుందన్నాడు. అందుకే విప్పలేదు."

"చదువుకున్నదానివే కదా నువ్వు!"

"బీయస్సీలో ఇవి లేవు."

గుంటూరుకి ఫోన్ చేశారు. మోగింది, మోగింది. ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం పదింటికి రానే వచ్చారు. రామకాంత్ తల్లి కూచుంటూనే అడిగింది.

"జాతకాలు చూశారా అన్నయ్యగారూ? ఎన్ని వచ్చాయి?"

శరణ్య చేతిలో మంచినీళ్ల గ్లాసు ఆగిపోయింది. మాస్టారు పళ్లెంలో తమలపాకులు సర్దారు. కంప్యూటర్ పాడైందని చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు.

కాఫీలు తెస్తున్న జ్ఞానప్రసూనాంబ అందుకుంది. "మా పెళ్లికి జాతకాలే చూడలేదు వదినగారూ. మా మామగారూ నాన్నగారూ అరుగు మీద కూచుని మాట అనేసుకున్నారు. ముప్పయ్యొక్కేళ్లయింది. ఏమండీ, మనకేమైనా లోటొచ్చిందా?"

పదిమందిలో అడిగితే ఏమంటారు? పైగా నిజంగానే లోటు లేదు.

"మా సంగతి వేరమ్మా" అన్నారు మాస్టారు కాస్త గొప్పగా. "మాకు చూసుంటే ముప్పయ్యారుకి ముప్పయ్యారూ వచ్చేవి."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తాంబూలం పళ్లేలు చేతులు మారాయి.

వేసవిలో పెళ్లయింది. కొత్త అల్లుడు కొత్త కంప్యూటరే తెచ్చి పెట్టాడు. పాత ముక్కల సంగతి మాస్టారు మర్చిపోయారు.

మాఘమాసంలో జ్ఞానప్రసూనాంబ కూతురి దగ్గరికి వెళ్లింది. ఒంటరిగా అన్నం వండుకున్న మాస్టారు, కారం కోసం జాడీ దించారు. ఏడాది కారం అడుగంటింది. గరిటెకి గరగరమంటూ ఏదో ప్లాస్టిక్ కవరు తగిలింది.

తీసి, తుమ్ముతూ విప్పితే, లోపల రెండు గాట్ల మెమరీ ముక్కా, దానికి చుట్టి, ఆయన కంప్యూటరే ఎప్పుడో అచ్చు వేసిచ్చిన కాగితమూ ఉన్నాయి: "వరుడు రాధాకృష్ణమూర్తి, వధువు జ్ఞానప్రసూనాంబ, ముప్పయ్యారుకి తొమ్మిది."