వేలిముద్ర

"కరపత్రాలు రాసినాడా? మా ఇంటాయప్పా?"

చౌడమ్మకు నవ్వాగలేదు. మొగుణ్ణి పోలీసులు పట్టుకెళ్లిన ఏడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

బల్ల అవతల కూర్చున్న రిటైర్డు జడ్జి వెంకటగిరియప్ప ఫైల్లోంచి తలెత్తాడు. యుద్ధం పేరు చెప్పి కేసూ విచారణా లేకుండా జైల్లో పెట్టినవాళ్లను ఉంచాలా, వదలాలా అని తేల్చే పని ఆయనది. పక్కన నిలబడ్డ పోలీసు అధికారి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఆరోపణ ఏమిటో బయటపెట్టకూడదు. దేశ భద్రత విషయం."

"ఖైదీకి చెప్పకూడదని రాశారు. పెళ్లానికి చెప్పకూడదని రాయలేదు," అన్నాడు జడ్జి. "ఎందుకమ్మా నవ్వుతావు?"

"నవ్వక ఏం చేసేది స్వామీ? ఆయప్ప బళేపేటలో గాజులమ్మేవాడు. అ ఆ లు గూడా రావు. జాబొస్తే ఎదురింటాయన దగ్గరికి ఎత్తుకొనిపోయి చదివించుకొనేది. యాడైనా వేలిముద్రే. సర్కారు మీద రాయల్లంటే ముందు రాసేది రావల్ల గదా!"

జడ్జి ఫైలు మళ్లీ తిరగేశాడు. గోడ మీంచి చింపి తెచ్చిన అచ్చు కరపత్రం ఒకటి. అది రాసింది గాజుల సొన్నప్పేనని, పేరు చెప్పని మనిషెవరో ఇచ్చిన సమాచారం ఒకటి. అంతకుమించి ఏమీ లేదు.

"దీనికి ఏడు నెలలా?" అని గొణిగాడు. "పిలిపించండి అతన్ని."

"మీరు ప్రశ్నలు అడగడానికి వీల్లేదు సార్. అడిగితే ఆరోపణ తెలిసిపోతుంది."

"అడగనులే."

జడ్జి ఒక తెల్లకాగితం, ఒక కలం, వేలిముద్రల సిరాపెట్టె బల్ల మీద పెట్టాడు. చౌడమ్మ వైపు వంగి, "వేలిముద్ర వేశాడంటే ఈ సాయంత్రం మీ ఇంట్లో ఉంటాడు. నువ్వు మాత్రం నోరు తెరవకు," అన్నాడు.

సొన్నప్పను తీసుకొచ్చారు. సగమైపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోతే జవాను వెనకనించి నెట్టాడు.

"వచ్చినట్టు గుర్తు పెట్టు," అని జడ్జి కాగితం చూపించాడు.

సొన్నప్ప బొటనవేలు సిరాపెట్టె దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. చౌడమ్మ వైపు ఓరగా చూసి నవ్వాడు. సిరాపెట్టెను పక్కకు నెట్టి కలం అందుకున్నాడు.

చౌడమ్మ వద్దు వద్దని తలూపింది. అతను అప్పటికే కాగితం మీదికి వంగాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకొని, చెమటలు కారుతుంటే, ఒక్కో అక్షరమే దిద్దాడు: 'చౌడమ్మ మొగుడు సొన్నప్ప.'

"చూశారుగా సార్," అన్నాడు అధికారి.

జడ్జి కాగితాన్ని వెలుతురుకు పెట్టి ఆ వంకరటింకర అక్షరాలను చాలాసేపు చూశాడు. సొన్నప్ప వైపు తిరిగి, "ఇదిగో, నువ్వు..." అని ఏదో అడగబోయాడు.

"ప్రశ్నలు వద్దు సార్," అని అధికారి గుర్తుచేశాడు.

జడ్జి చౌడమ్మ మొహం చూడకుండా ఫైల్లో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. ఇంకో ఆరు నెలలు.

సొన్నప్పను వరండాలోకి నడిపిస్తుంటే చౌడమ్మ పరుగెత్తి చొక్కా పట్టుకుంది.

"ఎంత పని చేస్తివయ్యా! రాసేది నీకెప్పుడొచ్చె?"

"జైల్లోనే చౌడీ! లోపల ఒక మేష్టరుండాడు, ఆయప్ప నేర్పించినాడు," అన్నాడు సొన్నప్ప, మొహమంతా వెలిగిపోతుంటే. "నీకు చూపించల్లని ఎన్ని దినాలు కాచుకొంటినో!"