పడవవాడి కొడుకు

బాలవ్వ ఆ రోజు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

కోరుట్లలో జూనియర్ కాలేజీ. ఇంగ్లిష్ క్లాసు. కిటికీలకు దుప్పట్లు కట్టి గోడ మీద చిన్న వీడియో వేస్తున్నారు. పాఠం ఒక నాటిక. నీళ్ళలో మునిగి చనిపోయిన పడవవాడి కొడుకు ఇంటికొచ్చి, తలుపు తట్టి తల్లిని పిలుస్తాడు. పుస్తకంలో చదివిస్తే పిల్లలకు ఆవలింతలు. వీడియో వేస్తే ఒక్కడూ కదలడు. పోయినేడు బ్యాచ్ వాళ్ళు తామే నటించి, ఫోనులో తీసుకున్నారు దాన్ని. బదిలీ మీద వెళ్ళిన పాత సారు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపోయాడు. ఇంకెవరి దగ్గరా లేదు.

కొత్తగా వచ్చిన ప్రవళిక మేడానికి బాలవ్వ సంగతి మొదట్లో అంతుపట్టలేదు. కొడుకు సర్టిఫికెట్ల కోసం ఆఫీసుకు వచ్చిన మనిషి, వరండాలో నడుస్తూ నడుస్తూ ఈ వీడియో వినబడి ఆగిపోయింది. తిన్నగా క్లాసులోకి వచ్చి కూర్చుంది. అప్పటినుంచి ఈ పాఠం ఉన్నప్పుడల్లా బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి వస్తోంది.

"ఎవరామె?" అని అటెండర్ రాజనర్సును అడిగింది ప్రవళిక.

"నవీన్ వాళ్ళ అమ్మ మేడం. గా ఈడియో తీసిన బ్యాచ్ పోరడే. సకల జనుల సమ్మెల తెలంగాణ కోసం పానం ఇచ్చిండు. ఒక్కడే కొడుకు."

ప్రవళిక గోడ మీది పడవవాడి కొడుకును మళ్ళీ చూసింది. తడిసిన జుట్టు, తెల్ల చొక్కా. ఆ ముక్కు, ఆ కళ్ళు అచ్చం బాలవ్వవే. ఇంకెవర్నీ అడగాల్సిన పని లేదనుకుంది.

వీడియో మొదలవగానే బాలవ్వ కళ్ళు మూసుకునేది. అయిపోయాకే తెరిచేది. పాపం, పోయిన కొడుకు పోయినవాడి వేషంలోనే కనబడితే ఏ తల్లి చూడగలదు?

"గిది ఆపకుండ్రి బిడ్డా" అని మాత్రం వెళ్తూ వెళ్తూ బతిమాలేది.

"ఆపనవ్వా" అని మాటిచ్చింది ప్రవళిక.

కానీ పిల్లలకు భయం పట్టుకుంది.

"మేడం, చీకట్ల ఎవలో పక్కన కూసొని ఊపిరి తీస్తున్నట్టు ఇనవడుతుంది" అంది రాధిక. మిగతావాళ్ళూ అవునన్నారు.

నిజమే. నటించేవాళ్ళ మాటల మధ్య ఎవరిదో ఊపిరి. ఉండుండి పొడి దగ్గు. స్పీకర్‌లో అది చెవి పక్కనే వినబడేది. ఒకసారి ప్రవళికే ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. దగ్గర్లో ఎవరూ లేరు. మెడ మీద వెంట్రుకలు మాత్రం చాలాసేపు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

ఆ ఆదివారం జగిత్యాలలో తెలిసిన స్టూడియోకు తీసుకెళ్ళి వీడియోను శుభ్రం చేయించింది. ఊపిరి, దగ్గు, గాలి చప్పుడు అన్నీ తీసేశారు. వెనక సన్నగా వేణువు పెట్టారు. బాలవ్వ ఒక్కసారైనా కళ్ళు తెరిచి చూసుకోవాలని, పిల్లవాడి ముఖాన్ని గోడంత పెద్దది చేయించింది ప్రవళిక. పాతది పొరపాటున మళ్ళీ పడకూడదని తన చేత్తోనే చెరిపేసింది.

సోమవారం మళ్ళీ దుప్పట్లు కట్టారు. బాలవ్వ కళ్ళు మూసుకుంది. వేణువు మోగింది. పడవవాడి కొడుకు తలుపు తట్టాడు. తల్లిని పిలిచాడు. పిల్లలెవరూ భయపడలేదు. ప్రవళికకు హాయిగా అనిపించింది.

లైటు వేశారు. బాలవ్వ ఇంకా కళ్ళు తెరవలేదు.

"అయిపోయిందవ్వా" అంది ప్రవళిక.

"అయిపోయిందా? ఇయ్యాల నా కొడుకు రాలేదేంది బిడ్డా?"

ప్రవళికకు కళ్ళు చెమర్చాయి. వీడియోను వెనక్కి తిప్పి, తడిసిన జుట్టు పిల్లవాడి ముఖం దగ్గర ఆపింది.

"ఇగో అవ్వా, మీ నవీన్. ఎంత మంచిగ కనబడుతున్నడో ఒక్కసారి చూడు."

బాలవ్వ కళ్ళు తెరిచింది. గోడ నిండా ఉన్న ఆ ముఖాన్ని చూసింది.

"గా పోరడెవలో నాకెర్క లేదు బిడ్డా, నా కొడుకైతే ఫోను వట్టుకొని తీసినోడు, ఆని మొఖం ఇంట్ల ఫొటోల ఉన్నది గని దగ్గు ఈడ్నే ఉండె."