మూడో కొలత

“అయితే మా చరిత్ర శాఖకి తాళం వేసేసినట్టేనాండీ?” అమ్మిరాజు బల్ల గట్టిగా చరిచాడు. ఆత్రేయపురం నుంచి అతనే తెప్పించిన పూతరేకుల పెట్టె మూత ఎగిరి కింద పడింది.

డీన్ రమాదేవి వంగి ఆ మూత తీసి బల్ల మీద పెట్టింది. గోదావరి గట్టు పక్కనున్న ఆ చిన్న యూనివర్సిటీలో శాఖలకు ర్యాంకులు వేసే పని ఆమె నెత్తిన పడింది. అట్టడుగున నిలిచిన శాఖను ఈ ఏడాది ఎత్తేస్తారు. అచ్చయిన పరిశోధనా వ్యాసాలు లెక్కేసినా, పిల్లలకొచ్చిన ఉద్యోగాలు లెక్కేసినా చరిత్ర శాఖే అడుగున తేలుతోంది. పోయినేడు చేరేవాళ్లు చాలక మూతపడాల్సింది, త్రుటిలో తప్పించుకుంది.

“ఉద్యోగాలే అసలు కొలతండి. మా పిల్లల్ని కంపెనీలు ఎగరేసుకుపోతున్నాయి,” అన్నాడు కంప్యూటర్ శాఖ అధిపతి ఉదయ్‌భాస్కర్, పూతరేకు నములుతూ.

“వాళ్లలో సగంమంది ఆర్నెల్లకే ఇంటికొచ్చేశారు, అది చెప్పరేంటి?” అందుకున్నాడు అమ్మిరాజు. “ఇక వ్యాసాలంటారా, డబ్బు కడితే ఎవరివైనా అచ్చేస్తారు. నేనో కొలత చెబుతానండి. హోటల్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ఓనరు పిల్లలు అక్కడ తింటున్నారా అని చూస్తే చాలు. మనలో ఎవరండీ సొంత బిడ్డని సొంత శాఖలో చదివిస్తున్నది?”

ఉదయ్‌భాస్కర్ నమలడం ఆపేశాడు. అతని కొడుకు చెన్నైలో చదువుతున్నాడు. రమాదేవి తల దించుకుంది. ఆమె కూతురు బెంగుళూరులో ఉంది.

“మా సాయిప్రసన్న నా క్లాసులోనే కూర్చుంటుంది,” అన్నాడు అమ్మిరాజు. “దాన్నే పిలిచి అడగండి!”

ఇంతమందిలో చెప్పిందీ చేసిందీ ఒకటే అయిన మనిషి ఇతనొక్కడే అనిపించింది రమాదేవికి. ఎవరేమనుకున్నా సరే, చరిత్ర శాఖను నిలబెట్టాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది. ఉదయ్‌భాస్కర్ నోరు మూయించడానికైనా ఆ పిల్ల చేత ఒక్క మాట చెప్పించాలని కబురు పంపింది.

సాయిప్రసన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తండ్రి వంక చూడలేదు.

“మీ నాన్నగారు పాఠం ఎలా చెబుతారమ్మా?” అడిగింది రమాదేవి.

“చాలా బాగా చెబుతారండి.”

అమ్మిరాజు మీసం దువ్వుకున్నాడు.

“అందుకేనా కోరి ఈ శాఖలో చేరావు?”

“పోయినేడు నాకు కంప్యూటర్స్‌లో సీటొచ్చిందండి. చరిత్రలో ఒక్క అడ్మిషన్ తగ్గినా మూసేస్తారని, నాన్నగారే వెళ్లి నా సీటు రద్దు చేయించి ఇక్కడ చేర్చారండి.”